గిత్తకి నడక చూస్తాం, కుక్కపిల్లకి ఫొటో చూస్తాం

మా ఒంగోలు చుట్టుపక్కల రైతు గిత్తని కొనే తీరు చూడాలి. నడిపించి చూస్తాడు, నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాడు, మూపురం మీద చెయ్యేసి కొమ్ము విసురుతుందా ఊరుకుంటుందా అని చూస్తాడు, తల్లి ఎవరింటిదో ఆరా తీస్తాడు. ఆయన కొడుకు వేలకు వేలు పోసి కుక్కపిల్లని కొనేటప్పుడు మాత్రం వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఒక్కటి చూసి ఫోన్‌పే కొట్టేస్తాడు. చెన్నై నుంచి బుట్టలో దిగాక పశువుల డాక్టర్నైన నా దగ్గరికి తెచ్చి "ఎట్టుంది సార్?" అంటాడు. డబ్బులిచ్చేశాక నేనేం చెప్పను? క్లినిక్‌లో రోజూ నా చెవిన పడే మాటల్నే పట్టుకుని, చిన్న జాతి కుక్కని కొనకముందు తెలియాల్సినవి రాస్తున్నాను.

అపోహ: చిన్న కుక్క కాబట్టి పిల్లలున్న ఇంటికి మంచిది.

వాస్తవం: ఒళ్ళు చిన్నదైతే భయం పెద్దది. మూడేళ్ళ బాబు ఎత్తుకుని జారవిడిస్తే రెండు కేజీల పొమేరియన్‌కి ముంగాలి ఎముక పుటుక్కున విరుగుతుంది. సోఫా మీంచి దూకి విరగ్గొట్టుకున్నవీ ఉన్నాయి. ఒకసారి నొప్పి తగిలాక ఆ బాబు దగ్గరికి రాగానే పళ్ళు చూపిస్తుంది, ఇంట్లోవాళ్ళేమో "దీనికి పొగరు సార్" అంటారు. అయిదారేళ్ళ లోపు పిల్లలుంటే మరీ బుల్లి రకాలు వద్దంటాను. కరిచినా చిన్న పళ్ళే కదా అని ఇంజెక్షన్ మానేసేవాళ్ళకి ఒకటే మాట: రేబిస్ కుక్క బరువు చూసి రాదు.

అన్నట్టు, మన దగ్గర పొమేరియన్ పేరుతో అమ్మే తెల్ల బొచ్చు కుక్కల్లో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అసలు పొమేరియన్ మూడు కేజీలు దాటడం తక్కువ, స్పిట్జ్ అయిదారు కేజీలు, ఆపైన కూడా ఉంటుంది. మోసపోయామని బాధపడకండి, మన ఎండలకి స్పిట్జే నయం. కాస్త నోరెక్కువ, అంతే. వేసవి వచ్చిందని దానికి గుండు మాత్రం కొట్టించకండి. ఆ బొచ్చు చర్మానికి ఎండ తగలనివ్వదు. చిక్కులు పడకుండా దువ్వితే చాలు.

అపోహ: పగ్ అల్లరి చెయ్యదు, గురక పెట్టి పడుకుంటుంది. ఇంట్లోకి ఇంకేం కావాలి?

వాస్తవం: 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిందగ్గర్నుంచి మనవాళ్ళకి పగ్ అంటే ప్రాణం. దాని స్వభావానికి నేను వంక పెట్టను, పిల్లలతో అంత ఓపికగా ఉండే చిన్న కుక్కలు తక్కువ. గొడవంతా ముక్కుతోనే.

ఒక మే నెల మధ్యాహ్నం, సముద్రపు గాలి ఇంకా తిరగలేదు, మంగమూరు రోడ్డు వైపు నుంచి ఒక కుటుంబం మూడేళ్ళ పగ్‌ని తువ్వాలులో చుట్టి తెచ్చింది. ఇంట్లో కరెంటు పోయి రెండు గంటలైందట. నాలుక నేరేడుపండు రంగుకి తిరిగింది, జొల్లు తీగలు సాగుతోంది. థర్మామీటర్ 107 చూపించింది, ఉండాల్సింది 101, 102. ఒళ్ళంతా తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, ఆక్సిజనూ సెలైనూ ఇస్తే సాయంత్రానికి తేరుకుంది. "చిన్నప్పట్నించీ ఇట్టాగే గురక పెడతది సార్, ముద్దుగా ఉందనుకున్నాం" అన్నాడు ఆ ఇంటాయన.

అది గాలి అందక చేసే చప్పుడు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దానికి కూలర్. ముక్కు నొక్కుకుపోయి, అంగిలి వెనక ఉండే మెత్తటి కండ గొంతుకి అడ్డం పడితే ఆ కూలర్ సగమే పనిచేస్తుంది. దానికి తోడు మన తీరంలో ఉక్క. గాలిలోనే తేమ నిండి ఉంటే నాలుక మీది తడి ఎక్కడ ఆరుతుంది? చల్లటి నెదర్లాండ్స్‌లోనే 2019 నుంచి, పుర్రె పొడవులో మూడో వంతు కూడా ముక్కు లేని కుక్కల బ్రీడింగ్‌ని గట్టిగా అడ్డుకుంటున్నారు. ముక్కు పొట్టి షిట్జూ జాతిదీ ఇదే కోవ.

ఏసీ, ఇన్వర్టర్ రెండూ ఉండి పగ్గే కావాలంటే ముక్కు రంధ్రాలు చూడండి. కామాల్లా తెరుచుకుని ఉండాలి. గీత గీసినట్టు మూసుకుపోయి ఉంటే ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. అయిదు నిమిషాలు ఆడించి ఊపిరి వినండి. తల్లిదీ వినండి.

అపోహ: స్వభావమంతా మన పెంపకంలోనే ఉంది.

వాస్తవం: సగమే నిజం. బీగిల్‌ని గుంపుగా కుందేళ్ళ వేటకి పెంచారు. వాసన తగిలితే దానికి మీ పిలుపు వినపడదు. భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకి పోయి పొద్దంతా ఫ్లాట్‌లో వదిలేస్తే ఊళ పెట్టి అపార్ట్‌మెంటంతా ఏకం చేస్తుంది. డాష్‌హండ్‌ని జర్మనీలో బొరియల్లో దూరి జంతువుల్ని పట్టడానికి తయారుచేశారు, మీ పూలకుండీలు తవ్వడం దాని తప్పు కాదు. దాని నడుము కూడా చూసుకోవాలి. పొట్టి కాళ్ళు, పొడుగు వెన్ను, మధ్యలో డిస్కు జారితే వెనక కాళ్ళు పడిపోతాయి. లిఫ్ట్ లేని మూడో అంతస్తు ఇంటికి డాష్‌హండ్ వద్దు.

అపోహ: నెలలోపే తెచ్చుకుంటే బాగా మచ్చికవుతుంది.

వాస్తవం: తోబుట్టువుల్ని కొరికి, తిరిగి కొరికించుకునే పిల్ల పంటికి అదుపు నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం మీ చేతుల మీద జరుగుతుంది. ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ఇక తల్లిని చూపించమని అడగండి. యజమాని పక్కనే ఉన్నా అది మూలకి నక్కుతున్నా, మీదికొస్తున్నా ఆలోచించుకోండి. గిన్నె ఒకటి కింద పడేయండి. పిల్ల ఉలిక్కిపడితే ఫర్వాలేదు, కాసేపటికి వచ్చి ఆ గిన్నెని వాసన చూస్తుందా లేదా అన్నదే లెక్క.

అపోహ: కెసిఐ సర్టిఫికెట్ ఉంది, కాబట్టి ఆరోగ్యానికి గ్యారంటీ.

వాస్తవం: చెన్నైలోని కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే కాగితంలో తాతముత్తాతల పేర్లుంటాయి. మోకాలి చిప్ప సంగతి ఉండదు. పొమేరియన్ పరుగెత్తుతూ మధ్యలో ఒక వెనక కాలు ఎత్తి రెండు గెంతులు గెంతి, మళ్ళీ మామూలుగా పోతుంటే డ్యాన్స్ అనుకోకండి. చిప్ప పక్కకి జారిందేమో చూపించండి.

అపోహ: ఊరకుక్క ఇంటికి పనికిరాదు.

వాస్తవం: మరీ చిన్నది కాదు, పదిహేను, ఇరవై కేజీల దాకా పెరుగుతుంది. కానీ మన ఎండకి, మన తిండికి అలవాటైన ఒళ్ళు, ముక్కూ పొడుగే. జబ్బే రాదనడం మాత్రం ఇంకో అపోహ. వాంతులూ రక్తవిరేచనాలూ పట్టుకునే పార్వో జబ్బు దీనికీ వస్తుంది, గోమార్లు కుడితే జ్వరం దీనికీ వస్తుంది, టీకాలన్నీ వేయించాల్సిందే. కొత్తవాళ్ళని ఓ పట్టాన నమ్మదు. తెచ్చిన మొదటి వారం పది రోజులు రాత్రిళ్ళు ఏడుస్తుంది, ఆ సంగతి పక్కింటివాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి.