సంకర ఆవు వచ్చాక ముదిరిన గోమార్ల జ్వరం

గోమార్లు కరిచి పశువులకు అంటించే జ్వరం, థైలీరియాసిస్, మన కొట్టాలకు కొత్త జబ్బేమీ కాదు. దీన్ని కలిగించే థైలీరియా యాన్యులాటా అనే రక్త పరాన్నజీవిని 1904లోనే కాకసస్ ప్రాంతపు పశువుల్లో గుర్తించారు. మన నాటు పశువులకు దూడ వయసులోనే సోకి, చాలావరకు తేలిగ్గా తగ్గిపోయేది. తర్వాత అదే రక్షణగా నిలిచేది. ఎండనూ గోమార్లనూ తట్టుకునే ఈ గుణంతోనే మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో స్థిరపడింది.

1960ల నుంచి జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యంతో సంకరం ఊపందుకుంది. పాలు పెరిగాయి. కానీ ఆ జాతులు ఈ పరాన్నజీవి ఎరుగని చలి దేశాలవి. పైగా ఆవును మార్చాం గానీ కొట్టాన్ని మార్చలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

దీన్ని మోసే హయలోమా గోమారి తన జీవితంలో ఎక్కువ కాలం పశువు ఒంటి మీద ఉండదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందపడి, గోడ పగుళ్లలోకి పాకి, వేల గుడ్లు పెడుతుంది. గుడ్డులోకి జబ్బు చేరదు. పిల్ల దశలో రోగం ఉన్న పశువు రక్తం తాగి, పగులులో కుబుసం విడిచి, పెద్దదయ్యాక మరో పశువుకు అంటిస్తుంది. అందుకే ఆవు ఒంటి మీద మాత్రమే మందు కొట్టి ఊరుకుంటే పది రోజులకు మళ్లీ అవే గోమార్లు. గోమార్లను చంపే 1.25 శాతం డెల్టామెత్రిన్ మందును లీటరు నీటికి 2 నుంచి 3 మిల్లీలీటర్లు కలిపి గోడలకూ గాడి సందులకూ కొట్టాలి, పగుళ్లు పూడ్చి సున్నం వేయాలి. మందు పలచన చేసి కొడితే చావని గోమార్లే సంతతిని పెంచుతాయి.

వానాకాలంలో, ఈనిన కొత్తలో, బయటి సంత నుంచి తెచ్చిన సంకర ఆవుకు ముప్పు ఎక్కువ. 104 నుంచి 107 డిగ్రీల జ్వరం, జబ్బ ముందు చేతికి తగిలే బిళ్ల, పాలిపోయిన కనురెప్పలు కనిపిస్తే రక్తపు చుక్కను గాజు పలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూసే రక్తపు పూత పరీక్ష చేయించాలి. గోమార్ల వల్లే వచ్చే మరో రక్త పరాన్నజీవి బబేసియాకు వాడే డిమినాజిన్ మందు దీనికి పనిచేయదు, దాంతో గడిపిన రోజులు రక్తహీనతను ముదిరిస్తాయి. 1980లలో వచ్చిన బుపార్వాక్వోన్ ఇప్పటికీ ప్రధాన మందు. కిలోకు 2.5 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములుండే మందైతే 300 కిలోల ఆవుకు 15 మిల్లీలీటర్లు. మెడ కండలో రెండు చోట్ల పంచి పశువైద్యులు వేస్తారు.

కోలుకున్న ఆవు రక్తంలో పరాన్నజీవి కొద్దిగా మిగులుతుంది. పూత పరీక్షకు దొరకని ఇలాంటివి పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో బయటపడతాయి. అందుకే పాత సర్వేల కన్నా కొత్తవాటిలో వ్యాప్తి ఎక్కువగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే రక్షావ్యాక్-టీ టీకా ఉంది, కానీ అది ద్రవ నత్రజనిలోనే నిలవ ఉంటుంది. ఆ శీతల గొలుసు పల్లె దాకా తెగకుండా రావడమే కష్టం.

గోమారి కరిచిన వెంటనే జబ్బు ఎక్కదు. దాని లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవి పక్వం కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రోజూ పాలు పితికే ముందు చెవి లోపల, పొదుగు పక్కన, తోక కింద వేళ్లతో తడిమి ఏరి, కిరసనాయిలులో వేసే పాత అలవాటుకు బలం ఇదే.