సగటు లెక్కలో తప్పిపోయే వేడి

నార్వేకు ఉత్తరాన, 78 డిగ్రీల అక్షాంశం దగ్గర స్వాల్‌బార్డ్ దీవులున్నాయి. అక్కడి లాంగియర్‌బెన్ ఊరి బయట, బొగ్గు గని దగ్గరి కొండ మీద రెండు భారీ డిష్‌లు కనిపిస్తాయి. 32 మీటర్ల డిష్ ఎటైనా తిరుగుతుంది. 42 మీటర్లది మాత్రం కదలకుండా భూ అయస్కాంత బలరేఖ వెంబడి పైకే చూస్తుంటుంది. భూమి పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొరను (అయనోస్ఫియర్‌ను) గమనించడానికి 1996లో మొదలైన ఐస్కాట్ రాడార్ ఇది.

మామూలు రాడార్ విమానాన్ని పట్టుకుంటుంది. ఇది పట్టుకునేది వందల కిలోమీటర్ల ఎత్తులో ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన రేడియో తరంగాలను. తిరిగొచ్చే సంకేతం అతి బలహీనం. అయినా దాని బలం, అందులోని పౌనఃపున్యాల వెడల్పు, ఆ పౌనఃపున్యం ఎంత పక్కకు జరిగిందన్నది చూసి ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో, అవీ అయాన్లూ ఎంత వేడిగా ఉన్నాయో, అయాన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చెప్పేస్తారు. నాకు ఇది ఎప్పటికీ అబ్బురమే.

2007 మార్చి నుంచి ఏడాది పాటు ఈ రాడార్ దాదాపు ఆగకుండా నడిచింది. ఆ పొర ఎలా ఉంటుందో లెక్కగట్టి చెప్పే మోడల్‌ను పరీక్షించాలంటే ఇలాంటి డేటానే కావాలి. అందరూ వాడే ఐఆర్ఐ (ఇంటర్నేషనల్ రిఫరెన్స్ అయనోస్ఫియర్) మోడల్ ఒక నెలలో ఫలానా వేళకు ఉండే సగటు స్థితిని చెబుతుంది. కానీ చలికాలం అర్ధరాత్రి, 300 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఎండ తగలని వేళ, రాడార్‌లో ఎలక్ట్రాన్ల సాంద్రత ఒక్కోసారి ఉన్నట్టుండి పెరిగి, కాసేపటికి పడిపోతుంది. పగటి వైపు పుట్టిన ప్లాస్మా (ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసిన వాయువు) ముద్దలు ధ్రువం మీదుగా కొట్టుకొచ్చి దాటిపోతున్నాయన్నమాట. నెల సగటులో అవి కలిసిపోయి కనిపించవు.

వేడి విషయంలో సగటు ఇంకా పెద్ద దెబ్బ కొడుతుంది. అయాన్లను విద్యుత్ క్షేత్రం ఈడ్చుకుపోతుంటే అవి గాలి అణువులను రాసుకుని వేడి పుడుతుంది. ఆ వేడి క్షేత్రం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక గంట క్షేత్రం 10, తర్వాతి గంట 50 అనుకోండి. సగటు 30, దాని వర్గం 900. అదే విడివిడిగా వర్గాలు తీస్తే 100, 2500. వాటి సగటు 1300. అంటే సగటు క్షేత్రాన్ని నమ్ముకున్న మోడల్ దాదాపు మూడో వంతు వేడిని పోగొట్టుకుంది. క్షేత్రం అటూ ఇటూ దిశ మారుతుంటే సగటు సున్నాకే రావచ్చు, వేడి మాత్రం పుడుతూనే ఉంటుంది.

పైగాలి వేడెక్కితే ఉబ్బుతుంది, ఉపగ్రహాలకు అడ్డు తగులుతుంది. 2022 ఫిబ్రవరిలో భూ అయస్కాంత క్షేత్రాన్ని కల్లోలపరిచిన ఓ మోస్తరు అయస్కాంత తుపానుకే కొత్తగా పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో చాలావరకు రాలిపోయాయి.

అలాగని రాడార్ చెప్పిందే వేదం అనుకోకూడదు. సంకేతం వెడల్పు అయాన్ల వేడితో పాటు బరువును బట్టి కూడా మారుతుంది. 200 కిలోమీటర్ల దగ్గర తేలికైన ఆక్సిజన్ అయాన్లు ఎన్ని, బరువైన నైట్రిక్ ఆక్సైడ్ అయాన్లు ఎన్ని అన్నది చాలాసార్లు మోడల్ నుంచే తీసుకుంటారు. క్షేత్రం బలంగా ఉన్నప్పుడు బరువైనవి పెరుగుతాయి. పాత నిష్పత్తితోనే లెక్క కడితే, అసలు వేడి ఎక్కువగా ఉన్న రోజునే రాడార్ దాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.