రాయసగాళ్ల భాష

క్రీ.పూ. 701లో అస్సిరియా సైన్యం యెరూషలేము గోడల దాకా వచ్చినప్పుడు, బయట నిలబడి బెదిరిస్తున్న రాజప్రతినిధిని హిజ్కియా రాజు అధికారులు ఒక కోరిక కోరారని బైబిల్‌లోని రాజుల గ్రంథం చెబుతుంది. గోడమీది జనానికి అర్థమయ్యే యూదుల భాషలో కాక, తమకు తెలిసిన అరామిక్‌లో మాట్లాడమన్నారు. ఏడు శతాబ్దాలు తిరిగేసరికి ఆ నేలమీది సామాన్యుల భాషే అరామిక్ అయింది. సిలువమీద యేసు పలికిన "ఎలోయీ, ఎలోయీ, లామా సబక్తానీ" ఆ భాషలోనిదే.

ఈ భాష సొంతదారులు, సిరియాలో చిన్న చిన్న రాజ్యాలు ఏలుకున్న అరామీయులు, ఎన్నడూ సామ్రాజ్యం స్థాపించలేదు. క్రీ.పూ. 732లో అస్సిరియా వారి డమాస్కస్‌ను గెలిచి జనాన్ని దూరప్రాంతాలకు తరలించింది. అలా ఓడినవారి భాష గెలిచినవారి కచేరీలో చేరింది. వందలాది గుర్తులను తడిమట్టిమీద ఒత్తవలసిన అస్సిరియావారి సొంత అక్కాదియన్ రాతకంటే, తోలుమీద సిరాతో సాగే 22 అక్షరాల రాత ఎంత సులువో చెప్పనక్కరలేదు. అస్సిరియా రాజభవనాల శిల్పాలలో ఇద్దరు లేఖకులు పక్కపక్కన నిలబడి, ఒకరు పలకమీద, మరొకరు తోలుచుట్టమీద కొల్లసొమ్ము లెక్క రాస్తుంటారు.

తరువాత వచ్చిన పారశీక చక్రవర్తులు తమ భాషను పక్కనపెట్టి ఈజిప్టు నుంచి అఫ్గానిస్తాన్ దాకా పరిపాలనను అరామిక్‌లోనే నడిపారు. నైలు నదిలోని ఎలిఫెంటైన్ దీవిలో కాపలా ఉన్న యూదు సైనికులు, కూలగొట్టిన తమ ఆలయాన్ని తిరిగి కట్టుకోనిమ్మని క్రీ.పూ. 407లో యూదయ పాలకుడికి రాసుకున్న అర్జీ కూడా ఈ భాషలోనే ఉంది. అలెగ్జాండరు దెబ్బకు సామ్రాజ్యం కూలినా రాయసగాళ్ల అలవాటు కూలలేదు. నవాబులు పోయినా మన రెవెన్యూ కచేరీల్లో జమాబందీ, దస్తావేజు నిలిచిపోలేదూ! ఇరాన్‌లో పహ్లవీ అనే నాటి పారశీకాన్ని రాసే లేఖకులైతే శతాబ్దాల తరబడి రాజుకు అరామిక్‌లో "మల్కా" అని రాసి, పారశీకంలో "షాహ్" అని చదివేవారు.

అందుకే అశోకుడు కాందహార్ ప్రజలకు ధర్మం బోధించవలసి వచ్చినప్పుడు గ్రీకుతోపాటు అరామిక్‌లోనూ చెక్కించాడు. ఆ శాసనం 1958లో బయటపడింది. వాయవ్య భారతంలో కుడినుంచి ఎడమకు రాసిన ఖరోష్ఠి లిపికి మూలం అరామిక్ అక్షరాలే. మన రాయదుర్గానికి చేరువలో, కర్ణాటకలోని బ్రహ్మగిరి వద్ద, అశోకుడి శాసనాన్ని బ్రాహ్మీలో రాసిన చపడుడనే లేఖకుడు చివర తన వృత్తిని తెలిపే "లిపికరేణ" అన్న ఒక్క మాటను మాత్రం ఖరోష్ఠిలో రాసుకున్నాడు.