పార్కు స్థలానికి డబ్బు కట్టింది ఎవరు?

నెల్లూరులో ఇంటి స్థలం బేరమాడేటప్పుడు అంకణం (ఇక్కడ స్థలాన్ని కొలిచే లెక్క) రేటు వెంటే వచ్చే మాట "పార్కు ఎదురుగానే". ధరలో ఆ మాటకూ వాటా ఉంది.

ఈ లెక్క పాతదే. 1847లో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పట్టణం ప్రజాధనంతో పార్కు తెరిచింది. చుట్టూ ఇళ్ల స్థలాలు అమ్మి ఆ ఖర్చు రాబట్టుకోవాలన్నది అక్కడివారి పథకం. 1850లో దాన్ని చూసి వెళ్లిన అమెరికన్ ఓమ్‌స్టెడ్ తర్వాత న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపశిల్పుల్లో ఒకడయ్యాడు. ఆ పార్కు చుట్టుపక్కల వార్డుల్లో ఆస్తుల విలువ, పన్ను రాబడి ఎంత పెరిగాయో లెక్కగట్టి చూపించాడు. 2001లో అమెరికా పరిశోధకుడు జాన్ క్రాంప్టన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, ప్రశాంతమైన పార్కును ఆనుకున్న ఇళ్లకు 20 శాతం దాకా ఎక్కువ విలువ ఉండొచ్చని అంచనా వేశాడు. ఆలనాపాలనా లేని పార్కు ధరను తగ్గిస్తుందనీ చెప్పాడు. అమెరికా అంకెను మన ఊళ్లకు అతికించలేం గానీ, ఆ రెండో మాట మాత్రం ఇక్కడా పట్టించుకోవాల్సిందే.

నెల్లూరు 1866లో, ఒంగోలు 1876లో మున్సిపాలిటీలయ్యాయి. చెరువుకట్టలు, పెన్న ఒడ్డు, ఊరి తోపులు ఉన్నంతకాలం జనానికి పార్కు లోటు తెలియలేదు. పొలాలు వెంచర్లుగా మారాక తెలిసింది. లేఅవుట్ నిబంధనల ప్రకారం విస్తీర్ణంలో 10 శాతం పార్కు లాంటి ఖాళీ స్థలంగా వదిలి, మున్సిపాలిటీకి ఉచితంగా అప్పగించాలి. ఉచితం అన్నది కాగితం మీదే. నూరు అంకణాల్లో పది అమ్మలేనివాడు ఆ నష్టాన్ని మిగతా తొంభై మీద వేస్తాడు. అంటే పార్కు స్థలం సొమ్ము ప్లాట్లు కొన్నవాళ్లు ముందే కట్టేశారు. తర్వాత అక్కడ మరో కట్టడం లేస్తే పోయేది వాళ్ల సొత్తే. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కోర్టుకెక్కింది ఆ కాలనీవాసులే.

అనుమతి లేని లేఅవుట్ల కథ ఇంకా బాధాకరం. 2007లో, మళ్లీ 2020లో వచ్చిన క్రమబద్ధీకరణ పథకాలు, ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేశాయి. డబ్బు చేతులు మారింది, కాలనీలో మాత్రం చెట్టు నాటడానికి జాగా పుట్టలేదు. ఇళ్లన్నీ లేచాక స్థలం ఎక్కడని కొంటారు? రోహిణి కార్తెలో ఒంటిగది ఇంట్లో అద్దెకుండే కుటుంబానికి సాయంత్రం కూర్చునే నీడ ఎంత విలువైనదో రిజిస్ట్రేషన్ రేటు చెప్పదు. పార్కు అందరికన్నా ఎక్కువగా కావలసింది ఆ కుటుంబానికే.

2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఆస్తిపన్నును అద్దె విలువ మీద కాక మూలధన విలువ, అంటే ఆస్తి ధర మీద వేస్తున్నారు. నివాసాలకు రేటు 0.10 నుంచి 0.50 శాతం. అంటే పార్కు వల్ల పెరిగిన ధరలో కొంత పన్నుగా కార్పొరేషన్‌కే తిరిగొస్తుంది. మొక్కలకు నీళ్లు, గేటుకు కాపలా, రాత్రికి దీపాలు అడిగే కాలనీ తన పన్నులోంచే అడుగుతోంది.