ఆ జెండా చూసి చియాంగ్ సైన్యం అనుకోకండి: అపోహలు - వాస్తవాలు

చైనాలో జపాన్ ఆక్రమణ కాలపు ఫొటోల కింద ఒకే తప్పు పదే పదే కనిపిస్తోంది. ఎర్ర జెండా, మూలన నీలం గడి, అందులో తెల్ల సూర్యుడు ఉంటే చాలు, "చియాంగ్ కై-షేక్ సైనికులు" అని, అంటే జపాన్‌తో పోరాడిన చైనా ప్రభుత్వ నేత మనుషులని రాసేస్తారు. దాన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. చదువుకునే పిల్లలు తికమకపడితే వాళ్ల తప్పేం లేదు, చియాంగ్ జెండా, జపాన్ పక్షాన నిలిచిన చైనా ప్రభుత్వ జెండా నిజంగానే ఒకటి.

అపోహ: ఆ జెండా పట్టినవాళ్లంతా చియాంగ్ మనుషులే.

వాస్తవం: 1940 మార్చి 30న జపాన్ అండతో నాన్‌జింగ్‌లో ప్రభుత్వం పెట్టిన వాంగ్ జింగ్‌వెయ్, అసలైన కోమింటాంగ్ (చియాంగ్ నడిపిన జాతీయవాద పార్టీ) తనదేనని చూపించుకోవడానికి అదే జెండా కావాలన్నాడు. యుద్ధరంగంలో శత్రువెవరో తెలియదని జపాన్ సైన్యం అభ్యంతరం చెప్పింది. చివరికి జెండాపైన విడిగా ఓ పసుపు త్రికోణపు గుడ్డ కట్టాలని రాజీ కుదిరింది. దానిమీద ఆరు చైనీస్ అక్షరాలు: శాంతి, కమ్యూనిస్టు వ్యతిరేకత, దేశ నిర్మాణం.

అందుకే ముందు కర్ర పైకొన చూడండి. త్రికోణం ఉంటే వాంగ్ పక్షమే. లేదంటే వెంటనే చియాంగ్ అనేయకండి. నలుపు తెలుపు ఫొటోలో పసుపు పాలిపోయి ఆకాశంలో కలిసిపోతుంది. గాలి లేకపోతే గుడ్డ కర్రకు అంటుకుపోతుంది. పైగా 1943 జనవరి 9న వాంగ్ ప్రభుత్వం అమెరికా, బ్రిటన్‌లపై యుద్ధం ప్రకటించాక, ఫిబ్రవరిలో ఆ త్రికోణాన్నే తీసేశారు. ఆ తర్వాతి ఫొటోలను జెండాతో తేల్చలేం. ఊరు, తేదీ, పక్కన ఎవరున్నారో చూడాల్సిందే.

అపోహ: జపాన్ చేతిలోని చైనా కీలుబొమ్మ సైన్యం అంటే ఒకటే సైన్యం.

వాస్తవం: కాదు. 1932 నుంచే మంచుకువోకు (ఈశాన్య చైనాలో జపాన్ పెట్టిన కీలుబొమ్మ రాజ్యం) వేరే సైన్యం, వేరే జెండా ఉన్నాయి. ఆ సైనికుల టోపీ మీద ఐదు రంగుల నక్షత్రం ఉంటుంది. లోపలి మంగోలియాలో యువరాజు డెమ్‌చుగ్‌డోన్‌గ్రుబ్ దళాలు వేరు. ఉత్తర చైనాలో చీ షియేయువాన్ నడిపిన సైన్యం కాగితం మీద నాన్‌జింగ్ కిందే ఉన్నా, అక్కడ వాంగ్ మాట చెల్లేది కాదు. సైనికుల సంఖ్య ఏదైనా కనబడితే ఎవరి సైన్యం, ఏ సంవత్సరం అని అడగకుండా వాడకండి.

అపోహ: ఈ సైన్యాలన్నీ జపాన్‌కు నమ్మిన బంట్లు.

వాస్తవం: 1937 జూలై 29న టోంగ్‌జౌలో జపాన్ అండతో నడిచిన తూర్పు హెబెయ్ రక్షక దళం జపాన్‌పైనే తిరగబడి, సైనికులతోపాటు అక్కడి జపాన్, కొరియా పౌరులనూ చంపింది.

అపోహ: వాంగ్ సైన్యం మన ఆజాద్ హింద్ ఫౌజ్ లాంటిదే.

వాస్తవం: 1943 నవంబరులో జపాన్ తన మిత్రపక్షాలతో జరిపిన టోక్యో సమావేశంలో వాంగ్, పరిశీలకుడిగా నేతాజీ ఇద్దరూ ఉన్నారు. పోలిక అంతవరకే. వాంగ్ దళాల పని జపాన్ తరఫున సొంత ఊళ్లను కాపలా కాయడం. 1941 జూలైలో సుజౌ చుట్టూ మొదలైన గ్రామీణ గాలింపులో ఊళ్లను వెదురు కంచెలతో చుట్టి, దారుల్లో తనిఖీ గేట్లు పెట్టారు. గెరిల్లాలతోపాటు రైతులూ కంచె లోపలే చిక్కుకున్నారు.

అపోహ: 1945లో జపాన్ ఓడాక వీళ్లందరికీ శిక్ష పడింది.

వాస్తవం: వాంగ్ తర్వాత నాన్‌జింగ్ ప్రభుత్వాన్ని నడిపిన చెన్ గోంగ్‌బో, చీ షియేయువాన్ లాంటి పెద్దలను 1946లో కాల్చి చంపారు. కింది దళాల్లో చాలావాటిని చియాంగ్ తన సైన్యంలో కలుపుకున్నాడు. 1943లో వాంగ్ వైపు వెళ్లిన సేనాని వూ హువావెన్ 1945లో చియాంగ్ కిందికి వచ్చాడు. 1948 సెప్టెంబరులో జీనాన్‌లో కమ్యూనిస్టుల్లో చేరాడు. 1949 ఏప్రిల్‌లో నాన్‌జింగ్ అధ్యక్ష భవనంలో అడుగుపెట్టింది అతని 35వ సైన్యమే.