అశ్వగంధ, రీషి పొడి గురించి అడిగిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

పరీక్షల ఒత్తిడికి అశ్వగంధ, జలుబు రాకుండా రీషి పుట్టగొడుగు పొడి వాడవచ్చా అని మీరు అడిగారు. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో తేల్చడం కన్నా, అవి ఒంట్లో ఏం చేస్తాయో, సీసాలో నిజంగా ఏముంటుందో చెప్పడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

ఒత్తిడిని తట్టుకునేలా ఒంటికి సాయపడతాయని చెప్పే ఇలాంటి మూలికలను ఇప్పుడు అడాప్టోజెన్లు అంటున్నారు. ఆ మాటను 1947లో లాజరేవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త పుట్టించారు. పెన్నేరు అని మనం పిలిచే అశ్వగంధ ఆయుర్వేదంలో అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచీ ఉంది. పచ్చి వేరుకు గుర్రపు వాసన ఉంటుంది కనుకనే దానికి ఆ పేరు వచ్చింది.

భయం కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపితే, అవి ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. తగినంత చేరాక ఆ కార్టిసాలే మెదడుకు ఇక చాలని చెబుతుంది. ఒత్తిడి రోజుల తరబడి సాగితే ఈ అదుపు సడలుతుంది. అశ్వగంధ వేరు సారాన్ని 8 వారాలు ఇచ్చి చూసిన కొన్ని పరీక్షల్లో కార్టిసాల్, ఆందోళన కొంత తగ్గాయి. అయితే వాటిలో పాల్గొన్నవారు కొద్దిమందే. మరోవైపు, దీన్ని వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు నమోదు చేశారు. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకూడదు. గర్భిణులు అసలే వాడకూడదు.

పుట్టగొడుగుల సంగతి వేరు. వాటి కణాల గోడల్లో ఉండే బీటా గ్లూకాన్లను మన తెల్లరక్తకణాలు శిలీంధ్రం చొరబడిందన్నట్టు గుర్తుపట్టి చురుకెక్కుతాయి. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను జపాన్‌లో 1985లో కడుపు క్యాన్సర్‌కు కీమోథెరపీతో పాటు ఇవ్వడానికి అనుమతించారు. కానీ అది శుద్ధిచేసి, వైద్యుల పర్యవేక్షణలో రక్తనాళంలోకి ఎక్కించే మందు; చెంచాతో తినే పొడికి ఆ గౌరవాన్ని అంటగట్టడం నాకు సమ్మతం కాదు. పైగా రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టడం అందరికీ మంచిది కాదు: కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బుల్లో ఆ శక్తే సొంత ఒంటిపై తిరగబడుతుంది, అవయవ మార్పిడి చేయించుకున్నవారు దాన్ని అణచడానికే రోజూ మందులు మింగుతారు.

రీషి పుట్టగొడుగు చెక్కలా గట్టిగా, లక్క పూసినట్టు ఎర్రగా మెరుస్తూ, చేదుగా ఉంటుంది. అందుకే దాన్ని వేడినీటిలో చాలాసేపు మరిగించి సారం తీస్తారు. అమ్మకానికి వచ్చే పొడుల్లో కొన్ని మాత్రం అసలు పుట్టగొడుగువి కావు. ధాన్యపు గింజలపై బూజులా పెరిగిన శిలీంధ్రపు పోగులను గింజలతో సహా ఎండబెట్టి దంచుతారు. చీటీ మీద "పాలీశాకరైడ్లు" ఎక్కువని రాసినా మురిసిపోకండి, చక్కెర అణువులు గొలుసులా కలిసిన పదార్థాలన్నిటికీ అదే పేరు; బీటా గ్లూకాన్లే కాదు, ధాన్యంలోని పిండిపదార్థం (స్టార్చ్) కూడా పాలీశాకరైడే. చీటీలో బీటా గ్లూకాన్ల శాతం విడిగా ఉందేమో చూడండి. లేకపోతే చిటికెడు పొడిని నీటిలో మరిగించి, పూర్తిగా చల్లారాక ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. పుట్టగొడుగులో పిండిపదార్థం ఉండదు కనుక, నీరు ముదురు నీలంగా మారితే మీరు డబ్బు పోసి కొన్నది చాలావరకు ధాన్యమే. ఆ నీటిని తాగకుండా పారబోయండి.

ఇట్లు,
మీ తాతయ్య