సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు: డీజిల్ కార్లపై అపోహలు - వాస్తవాలు

డీజిల్ కారు పొద్దున్నే మొండికేస్తే శ్రీకాకుళం, విజయనగరం వైపు మొదట వినిపించే మాట "హీటర్ ప్లగ్గులు (ఇంజన్ లోపల వేడి పుట్టించేవి) పోయాయి". ఆ తర్వాత "నాజిల్స్ (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) తీయించాలి". అంత దూరం వెళ్లేముందు రెండు సంగతులు గమనించండి: సెల్ఫ్ ఎంత జోరుగా తిరుగుతోంది, తిరిగేటప్పుడు సైలెన్సర్‌లోంచి ఏం వస్తోంది.

అపోహ: సెల్ఫ్ తిరుగుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే.

వాస్తవం: తిరిగితే చాలదు, జోరుండాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజన్ నిమిషానికి 200 చుట్ల దగ్గర తిరిగితేనే ఆ వేడి సరిగ్గా పుడుతుంది. కామన్ రైల్ బండ్లలో (పంపు డీజిల్‌ని రైల్ అనే ఉమ్మడి గొట్టంలో ఒత్తిడితో నింపితే, కంప్యూటర్ నాజిల్స్‌ని తెరిచే రకం) ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ గొట్టంలో ఒత్తిడి సుమారు 200 బార్‌కి చేరకపోతే ఇంజన్ కంప్యూటర్ నాజిల్స్‌ని తెరవనే తెరవదు. మల్టీమీటర్ పెట్టి చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే నిండు చార్జింగ్, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కిందికి జారితే ముందు బ్యాటరీ సంగతి తేల్చండి.

బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ నీరసంగా ఉందంటే ఎర్త్ వైరు (బ్యాటరీ నెగెటివ్ నుంచి బండి లోహానికి వెళ్లేది) మీద అనుమానపడాలి. కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి తీర ప్రాంతాల్లో తిరిగే బండ్లకు ఉప్పుగాలి తగిలి, ఎర్త్ వైరు పైకి బాగానే కనిపిస్తూ బోల్టు కింద తుప్పు పడుతుంది. మీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటితే వైరు విప్పి, బోల్టు కూర్చునే చోటు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. దీనికి కొత్త పార్టు అక్కర్లేదు.

అపోహ: బ్యాటరీ పడిపోతే హైవే మీద ఏ బండి నుంచైనా జంప్ (వైర్లతో కరెంటు) తీసుకోవచ్చు.

వాస్తవం: లారీలు, బస్సులు చాలావరకు 24 వోల్టులవి. ఆ కరెంటు కారుకి ఇస్తే కంప్యూటరే మాడిపోవచ్చు. ఇంకో కారు నుంచి తీసుకోండి. చివరి నల్ల క్లిప్పు పడిపోయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజన్ లోహానికి పెట్టాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడితే గ్యాసు అంటుకుంటుంది.

తోసి స్టార్ట్ చేయడమూ ఇలాంటిదే. కంప్యూటర్ లేని పాత పంపు బండ్లకు బాగా పనిచేసేది. కామన్ రైల్ కారులో కంప్యూటర్‌కి కరెంటు లేకపోతే ఊరంతా కలిసి తోసినా అందుకోదు.

అపోహ: స్టార్ట్ కాలేదంటే హీటర్ ప్లగ్గులే.

వాస్తవం: మన తీరంలో చలికాలం తెల్లవారుజామున కూడా మామూలుగా 15 డిగ్రీల పైమాటే. ఆ వాతావరణంలో కామన్ రైల్ ఇంజన్ ప్లగ్గులు పనిచేయకపోయినా చాలావరకు అందుకుంటుంది. పాత ఇండికా రకం ఇంజన్లకు, అరకు, లంబసింగి చలిలో రాత్రి ఆగిన బండ్లకు మాత్రం అవి కావాల్సిందే.

ఇక్కడే పొగ చూడాలి. సెల్ఫ్ కొడుతుంటే తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండటం లేదు. అప్పుడు సెల్ఫ్ జోరు, ప్లగ్గులు, కంప్రెషన్ (గాలిని నొక్కే బలం) చూడాలి. పొగ అసలే లేదంటే డీజిల్ అందడం లేదు. ప్లగ్గులన్నీ మార్చినా ఫలితం ఉండదు. పొగ లేకుండా, ఆర్‌పీఎం ముల్లు కూడా సున్నా దగ్గరే ఉండిపోతే ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్‌ని అనుమానించండి. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మెరుస్తుంటే బండి తాళంచెవిని గుర్తుపట్టట్లేదని అర్థం, రెండో తాళంచెవితో ప్రయత్నించండి.

అపోహ: డీజిల్ బయటికి కారట్లేదు కాబట్టి పైపుల్లో లీకు లేదు.

వాస్తవం: ట్యాంకు నుంచి పంపు దాకా చాలా బండ్లలో డీజిల్‌ని లాగడమే ఉంటుంది, తోయడం ఉండదు. అక్కడ సందు పడితే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. తడి కనబడదు. రాత్రంతా డీజిల్ వెనక్కి జారిపోయి పొద్దున్న స్టార్ట్ కాదు. ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు కొట్టాక స్టార్టయి, మర్నాడు మళ్లీ అదే వరసైతే ఇదే జబ్బు. ఫిల్టర్ తర్వాత జానెడు పారదర్శక పైపు తాత్కాలికంగా తగిలించి చూడండి, బుడగలు కనిపిస్తాయి. ఎక్కువగా దొరికేది ఫిల్టర్ ఓరింగ్ (రబ్బరు రింగు) దగ్గరో, ఎండిన రబ్బరు పైపు క్లిప్పు దగ్గరో.

పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీయడానికి: డీజిల్ అయిపోయి ఆగిన బండైతే ముందు కనీసం 5 లీటర్లు పోయండి. ఫిల్టర్ మీది హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంటే తాళం ఆన్ చేసి 10 సెకన్లు ఆగి ఆపండి, అలా ఐదారుసార్లు. తర్వాత సెల్ఫ్ 10 సెకన్లకు మించకుండా కొట్టి, నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. పాత పంపులకు చేసినట్టు నాజిల్ నట్టు వదులు చేయడం కామన్ రైల్‌కి పనికిరాదు. ఆ ఒత్తిడికి వచ్చే సన్నని డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. నొప్పి అంతగా లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: కాస్త పెట్రోలో కిరోసినో కలిపితే, ఎయిర్ ఫిల్టర్‌లో స్టార్టింగ్ స్ప్రే కొడితే అందుకుంటుంది.

వాస్తవం: పంపుకి కందెన డీజిలే. పెట్రోలు ఆ జిడ్డుని కడిగేస్తుంది, అరిగిన పంపు నుంచి లోహపు పొడి నాజిల్స్ దాకా చేరుతుంది. బంకులో పొరపాటున పెట్రోలు పోస్తే తాళం కూడా తిప్పకుండా ట్యాంకు ఖాళీ చేయించండి. స్ప్రే సంగతి మరీ ఘోరం. వేడెక్కిన హీటర్ ప్లగ్గుకి తగిలి ముందే పేలి రింగులు విరుగుతాయి.

అపోహ: వరదనీటిలో ఆగిన బండిని నీరు తీశాక సెల్ఫ్ కొట్టి చూడాలి.

వాస్తవం: కొట్టకూడదు. తిత్లీ, గులాబ్ తుపాన్లు చూసిన జిల్లాలు మనవి, ఇది గుర్తుండాలి. సిలిండర్‌లో నీరుంటే అది నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి. ఎయిర్ ఫిల్టర్ తడిగా ఉందా చూడండి. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలటీ రంగులో ఉంటే మార్చాల్సిందే. అనుమానం ఉంటే హీటర్ ప్లగ్గులు విప్పించి, ఇంజన్‌ని చేత్తో తిప్పించి నీరు బయటికి రప్పించాలి. డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి 100 మిల్లీలీటర్లు గాజుసీసాలోకి పట్టి పది నిమిషాలు ఆగితే, నీరుంటే అడుగున విడిగా చేరుతుంది. అలా కనిపిస్తే ట్యాంకు కూడా కడిగించాలి. ఫిల్టర్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా మర్నాటికి నీళ్లతో నిండుతుంది.